గూడ్సు బండి చూడ్డానికో యాత్ర: లెగో రైళ్లు కట్టేవాళ్లకు కర్నూలు నుంచి కడప దాకా

హైదరాబాద్, బెంగళూరుల నుంచి రైళ్లు చూడ్డానికి రాయలసీమకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వందేభారత్ కోసమే కాచుకుంటారు. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందేభారత్ కర్నూలు, అనంతపురం మీదుగానే పోతుంది. ఫొటోకు బాగుంటుంది. లెగో ముక్కలతో కట్టడానికి మాత్రం అంతకంటే తలనొప్పి బండి ఇంకోటి లేదు. ముందు వంపు తిరిగిన ముక్కుకు ఏటవాలు ముక్కలు ఎన్ని పేర్చినా మెట్లు మెట్లుగానే కనిపిస్తుంది. పెట్టెల పొడవేమో లెగో మలుపులకు లొంగదు. ఈ దారిలో చూడాల్సింది, కొలవాల్సింది, ఇంటికెళ్లి కట్టాల్సింది గూడ్సు బండి. అది ఈ సీమలో దొరికినంత తీరిగ్గా వేరేచోట దొరకడం కష్టం.

ఎందుకో లెక్క చెబితే తెలుస్తుంది. లెగో పట్టాల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1,676. ఆ లెక్కన నిష్పత్తి 1:45 దగ్గర తేలుతుంది, పెట్టె వెడల్పు 9 బొడిపెలు (లెగో ముక్క పైనుండే గుండ్రటి గుబ్బలు, కొలతకు ఇవే ఆధారం) అవుతుంది. బేసి సంఖ్యతో మధ్య గీత కుదరక విసుగొస్తుంది కాబట్టి 8 బొడిపెల వెడల్పుకు, అంటే 1:50కి దిగడం మంచిది. ఒక బొడిపె 8 మిల్లీమీటర్లు, అంటే అసలు బండిలో 40 సెంటీమీటర్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే ప్లాట్‌ఫాం మీదే సగం పని అయిపోతుంది.

పాత నీలం ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె పొడవు 21.337 మీటర్లు, అంటే 53 బొడిపెలు. దాని బోగీల నడుమ దూరం 14.783 మీటర్లు, 37 బొడిపెలు. (మనం పెట్టెనే బోగీ అంటాం గానీ ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద ఉండే నాలుగు చక్రాల చట్రం.) సెట్లతో వచ్చే లెగో మలుపు వ్యాసార్ధం 40 బొడిపెలే. 37ను 37తో గుణించి, 40కి ఎనిమిది రెట్లయిన 320తో భాగిస్తే 4.3 వస్తుంది. మలుపులో పెట్టె నడుం పట్టాల మధ్యగీత నుంచి అన్ని బొడిపెలు లోపలికి జరుగుతుంది. రెండు కొసలూ దాదాపు అంతే బయటికి పొడుచుకొస్తాయి. పక్కన స్తంభమో ప్లాట్‌ఫాం అంచో ఉంటే తగిలి పడిపోవడం ఖాయం. ఇప్పుడు బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ సంగతి చూడండి. కప్లింగులతో కలిపి పొడవు 10.713 మీటర్లు, అంటే 27 బొడిపెలకు కాస్త తక్కువ. బోగీల నడుమ 6.524 మీటర్లు, 16 బొడిపెలు. అదే లెక్క వేస్తే 0.8. ఒక్క బొడిపె కూడా జరగదు. అసలు కొలత తగ్గించకుండా, బొమ్మ పట్టాల మీద కొట్టుకోకుండా తిరిగే భారతీయ బండ్లలో ఇదొకటి.

దారి విషయానికొస్తే కర్నూలులో మొదలుపెట్టి డోన్, గుంతకల్లు, గుత్తి, ఎర్రగుంట్ల మీదుగా కడపలో ముగించడం మేలు. మూడు రోజులు చాలు. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం అన్నీ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి రైలు తప్పినా ఆర్టీసీ బస్సు ఆదుకుంటుంది. కర్నూలు సిటీ స్టేషన్లో గూడ్సులు ఆగకుండా సాగిపోతాయి, మన పనికి అంతగా పనికిరాదు. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని డోన్ బండి ఎక్కేయడమే. బస మాత్రం కర్నూలులోనే నయం, గదులకు కొదవ లేదు. డోన్ జంక్షన్లో కర్నూలు, గుత్తి, గుంతకల్లు, నంద్యాల దార్లు కలుస్తాయి. పాయింట్లు (బండి ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే చోట్లు), సిగ్నళ్లు చూసి నమూనా యార్డు గీసుకోవాలనుకునేవాళ్లకు రెండు గంటలు సరిపోతుంది. ప్లాట్‌ఫాం టికెట్ చెల్లుబాటు కూడా రెండు గంటలే, ధర 10 రూపాయలు.

అసలు మకాం గుంతకల్లు. ఇక్కడ సిబ్బంది మారతారు, గూడ్సులు నిలబడతాయి, నిలబడిన బండినే కొలవగలం. స్టేషన్లో రిటైరింగ్ రూం దొరికితే వదులుకోకండి. ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు, పీఎన్ఆర్ నంబరు కావాలి. కాబట్టి గుంతకల్లు దాకా రిజర్వేషన్ టికెట్ ముందే తీసుకోవాలి, జనరల్ టికెట్టుతో కుదరదు. రాత్రి రెండింటికి గూడ్సు వచ్చినా మెట్లు దిగితే ప్లాట్‌ఫాం ఉండటం దీని లాభం. అనౌన్స్‌మెంట్లు తెల్లవార్లూ మోగుతూనే ఉండటం నష్టం. చెవుల్లో దూది పెట్టుకోవాల్సిందే. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు స్టేషన్ రోడ్డు లాడ్జీలకు పోవచ్చు. గది తీసుకునే ముందు కిటికీ ఎటు తెరుచుకుంటుందో, కరెంటు పోతే జనరేటర్ ఫ్యాన్లకు అందుతుందో లేదో అడగండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ జవాబు మీదే రాత్రి ఆధారపడి ఉంటుంది.

గుంతకల్లు ఒకప్పుడు మీటర్ గేజ్ జంక్షన్ కూడా. ఆ రోజుల బండ్లు కట్టాలనే ఆశ చాలామందికి ఉంటుంది గానీ లెగో పట్టాలను మీటర్ గేజ్ అనుకుంటే నిష్పత్తి 1:27కు చేరుతుంది. ఒక్క ఇంజనే బల్లంతా ఆక్రమిస్తుంది.

ఫొటో తీసే తీరు మీదే ఇంటి దగ్గర పని ఆధారపడుతుంది. వ్యాగన్ పక్కన నిలబడి తీస్తే కొసలు సన్నగా, నడుం లావుగా వస్తుంది. ఫోన్లోని వైడ్ లెన్సు ఇంకా పాడుచేస్తుంది. ఎదురు ప్లాట్‌ఫాం మీద, వ్యాగన్ నడిమికి సరిగ్గా ఎదురుగా నిలబడి, 2 లేదా 3 రెట్లు జూమ్ చేసి తీయాలి. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత అయితే పక్క గోడల నిలువు పట్టీల నీడలు తేలిగ్గా కనిపిస్తాయి. అవి ఎన్నున్నాయో అక్కడే లెక్కపెట్టి రాసుకోండి, రకాన్ని బట్టి మారతాయి. రకం, ఖాళీ బరువు వ్యాగన్ ఒంటి మీదే రాసుంటాయి, వాటిని దగ్గరగా ఇంకో ఫొటో తీయండి. ఇక కొలబద్ద బండిలోనే ఉంది. బాక్స్‌ఎన్ బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు, అంటే సరిగ్గా 5 బొడిపెలు. ఫొటోలో ఆ దూరాన్ని ఐదుతో భాగిస్తే ఒక బొడిపె వస్తుంది. ఆ వెడల్పుతో నిలువు గీతలు, దానికి 1.2 రెట్లతో అడ్డగీతలు గీస్తే ఫొటో మీద ఇటుకల గళ్లు పడతాయి. ఎందుకంటే లెగో ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, చదరం కాదు. మామూలు గ్రాఫ్ కాగితం మీద గీసేవాళ్ల బండ్లు అసలుకంటే ఎత్తుగా రావడానికి కారణం ఇదే.

పట్టాలు దాటి అవతలికి పోవద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. ఆర్పీఎఫ్ వాళ్లు అడిగితే గళ్ల కాగితం చూపించి విషయం చెబితే చాలా వరకు సర్దుకుంటుంది.

గుత్తిలో డీజిల్ లోకో షెడ్డు ఉంది. పేరున్న షెడ్డే, కానీ డివిజన్ ఆఫీసు నుంచి ముందే రాతపూర్వక అనుమతి లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. అనుమతి లేనివాళ్లు గుత్తికి ఒక పూట మించి ఇవ్వనక్కర్లేదు. కోట ఎక్కే ఓపిక ఉంటే పొద్దున్నే ఎక్కండి, బండరాళ్లు పది గంటలకే కాలతాయి. రాత్రి బసకు ఇక్కడ ఆగడం దండగ.

ఇంజను సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ దారి గూడ్సులను ఎక్కువగా లాగేవాటిలో డబ్ల్యూఏజీ-9 ఒకటి. పొడవు 20.562 మీటర్లు, 1:50లో 51 బొడిపెలు. వెడల్పు 3.152 మీటర్లు, దాదాపు 8 బొడిపెలు. వెడల్పు చక్కగా కుదిరింది, పొడవును మాత్రం 44కో 46కో తగ్గించక తప్పదు. చిక్కల్లా చక్రాల దగ్గర. అసలు ఇంజనుకు బోగీకి మూడు ఇరుసులు, లెగో రైలు మోటారుకు రెండే. మూడో ఇరుసును మోటారుకు గట్టిగా బిగిస్తే మలుపులో పట్టా మీంచి లేచిపోతుంది. దాన్ని విడిగా, ఒక బొడిపె పక్కకు జరిగే వీలుతో వేలాడదీయాలి, లేదా అంచు లేని చక్రం వాడాలి. బరువంతా మోటారు మీదే ఉండాలి. బ్యాటరీ హబ్‌ను సరిగ్గా మోటారు పైన పెట్టకపోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. హబ్‌కు చిన్న సెల్లులు ఆరు కావాలి. రీచార్జి సెల్లులు వేస్తే 9 వోల్టుల బదులు 7.2 వస్తాయి, వేగం తగ్గుతుంది, గూడ్సుకు అదీ మంచిదే. రెండు మోటార్లు పెట్టి ఎదురెదురుగా తిప్పితే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒకదాన్ని తిప్పి అమర్చాలి, లేదా యాప్‌లో దాని దిశ మార్చాలి. పైకప్పును నాలుగు బొడిపెల మీదే నిలపండి, సెల్లులు మార్చడానికి ఇంజను మొత్తం విప్పే బాధ తప్పుతుంది.

గుత్తి నుంచి తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు మీదుగా ఎర్రగుంట్ల. చెన్నై–ముంబయి దారి ఇదే. ముద్దనూరు, ఎర్రగుంట్ల మధ్య రాయలసీమ థర్మల్ కేంద్రం, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. నిండు బొగ్గు వ్యాగన్లు, మూసిన సిమెంటు వ్యాగన్లు పక్కపక్కనే కనిపించేది ఇక్కడే. ఈ దారిలో ఒక్క చోటే చూడగలిగితే ఎర్రగుంట్ల చూడండి. దుమ్ము మాత్రం దారుణం, కెమెరాకు సంచి తప్పనిసరి. ఊళ్లో బస అంతంతమాత్రం, దగ్గర్లోని ప్రొద్దుటూరులో దిగితే గదీ భోజనమూ రెండూ బాగుంటాయి. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు గండికోట హరిత హోటల్లో దిగి కారులో ఎర్రగుంట్లకు రావచ్చు. పెన్నా లోయ ముందు ఒక సాయంత్రం గడుస్తుంది, వారాంతమైతే గది ముందే ఖాయం చేసుకోవాలి. కేవలం రైలు కోసమే వచ్చేవాళ్లకు అది చుట్టుదారి. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016లో తెరిచారు. ప్యాసింజర్ బండ్లు కొద్దే కాబట్టి దాన్ని నమ్ముకుని తిరుగు ప్రయాణం పెట్టుకోకండి.

వ్యాగన్ కట్టే తీరు ఇది. అడుగు భాగానికి 8×16 ప్లేటు (సన్నటి లెగో పలక) ఒకటి, 8×8 ఒకటి, 2×8 ఒకటి కలిపి 26 బొడిపెల పొడవు. ఒక్క పొరతో ఆపితే లాగినప్పుడు నడుం వంగుతుంది, అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా రెండో పొర వేయాలి. తొట్టి పొడవు 24, రెండు కొసలా ఒక్కో బొడిపె వదలాలి. అసలు తొట్టి లోపలి ఎత్తు 1.95 మీటర్లు, అంటే 39 మిల్లీమీటర్లు. నాలుగు ఇటుకల వరసలు 38.4. ఇంతకంటే బాగా కుదరదు. వరసకు 60 బొడిపెల గోడ, నాలుగు వరసలకు 240. బోగీ తిరిగే నడిమి పిన్ను అడుగు భాగం కొస నుంచి 5 బొడిపెల దగ్గర ఉండాలి. అయస్కాంతపు కప్లింగును బోగీకే తగిలించాలి, తొట్టికి తగిలిస్తే మలుపులో విడిపోతుంది. బొగ్గు కోసం తొట్టినంతా నింపితే ఇంజను కదలదు. పైఅంచుకు ఒక ఇటుక కింద దొంగ నేల వేసి, దాని మీద 1×1 నల్ల గుండ్రటి ప్లేట్లు 130 దాకా, నడుమ కొన్ని చిన్న ఏటవాలు ముక్కలు చల్లితే నిండుగా కనిపిస్తుంది.

ఒక మోటారుతో ఆరు వ్యాగన్లు మించి పెట్టకండి. ముందున్న అయస్కాంతం మీదే మొత్తం లాగుడు పడుతుంది. ఆరు వ్యాగన్లు, ఇంజను కలిపి 1.7 మీటర్లు. పదహారు వంపు పట్టాల వలయం 2 మీటర్లే, బండి తన తోకనే తరుముతున్నట్టుంటుంది. చెరో వైపు నాలుగు తిన్నటి పట్టాలు కలిపితే 3 మీటర్లవుతుంది, 5×3 అడుగుల బల్ల సరిపోతుంది. అసలు రేకులో (ఒక గూడ్సు బండి వ్యాగన్ల వరసలో) 58 వ్యాగన్లుంటాయి. అన్నీ కడతామంటే 12 మీటర్లు దాటుతుంది, వరండా చూసుకోవాల్సిందే.

ఆఖరు మజిలీ కడప. స్టేషన్ నుంచి ఏడు రోడ్ల వైపు ఆటోలో వెళ్తే బసకు, కారం దోసెకు లోటుండదు. లెగో విడిభాగాలు మాత్రం ఈ దారి ఊళ్లలో ఎక్కడా దొరకవు. బొమ్మల దుకాణాల్లో చిన్న సెట్లు ఉంటాయంతే. పట్టాలు, మోటారు ఉన్న రైలు సెట్టు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొనాలి. మిగతా ముక్కలకు, లెగో విడిభాగాలమ్మే ఆన్‌లైన్ అంగడి బ్రిక్‌లింక్ వాళ్ల ఉచిత స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో బండి గీస్తే ముక్కల జాబితా అదే తయారుచేస్తుంది. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, తపాలా ఖర్చు కలుస్తాయి కాబట్టి ఒక్కో వ్యాగన్‌కు కాక ఆరింటికీ ఒకేసారి తెప్పించండి. వ్యాగన్ రంగుకు సరిపోయేది ఎర్ర గోధుమ రంగు. పాత సెకండ్‌హ్యాండ్ ముక్కల్లో పెళుసుగా విరిగే రంగు కూడా అదే. క్లిప్పులు, సన్నటి ప్లేట్లు ఆ రంగులో పాతవి కొనకండి, ఇటుకలైతే ఫరవాలేదు. తిరుగు దారిలో ముక్కల డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. ఎర్రగుంట్ల దుమ్ము కడగాలనుకుంటే నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు, మోటారును, హబ్‌ను మాత్రం పొడి బ్రష్‌తోనే తుడవాలి.