కీగెల్ వ్యాయామం నేర్చుకోవడానికి వీడియోనా, గ్యాడ్జెటా, ఫిజియోనా... ఏది మేలు?

రెండో కాన్పు అయ్యాక నాకు తుమ్మొస్తుందంటేనే టెన్షన్, మూత్రం లీకయ్యేది. ఎక్కడున్నదాన్ని అక్కడే కాళ్లు ముడుచుకుని నిలబడిపోయేదాన్ని. అమ్మతో చెబితే "పిల్లల్ని కన్నాక అందరికీ ఉండేదేలే" అని తేల్చేసింది. ఇక ఫోన్లో వీడియోలు పెట్టుకుని రెండు నెలలు రోజూ కీగెల్స్ చేశాను, అంటే మూత్రాశయాన్ని కిందనుంచి మోసే కటి కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం. లీకవడం తగ్గలేదు సరికదా, కాస్త పెరిగినట్టే అనిపించింది.

తప్పెక్కడుందో ఫిజియోథెరపిస్ట్ దగ్గర తెలిసింది. నేను కండరాన్ని పైకి లాగడం లేదట, ఊపిరి బిగబట్టి కిందికి ముక్కుతున్నానట! రెండు నెలల కష్టమూ తిరగబడిందన్నమాట.

ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదు. 1991లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో 47 మంది స్త్రీలకు ఈ వ్యాయామం నోటిమాటగా చెప్పి చేయించి చూశారు. 23 మందే సరిగ్గా చేశారు. 12 మంది చేసిన తీరైతే లీకేజీని పెంచేలా ఉంది. వీడియోతో చిక్కంతా ఇక్కడే. అది చెబుతుంది గానీ మనల్ని చూడదు.

అలాగని వీడియోను కొట్టిపారేయలేం. ఖర్చు లేదు, గది తలుపేసుకుంటే ఇంట్లో ఎవరికీ తెలియదు. నలుగురున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. వీడియోతోనే మొదలుపెడితే మాత్రం చేతి అద్దంలో ఒకసారి చూసుకోండి. బిగించినప్పుడు మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య భాగం లోపలికి, పైకి వెళ్లాలి. ఉబ్బితే ముక్కుతున్నట్టే. పైకి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి బిగబట్టే అలవాటూ పోతుంది. మూత్రం మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామం చేసుకోవద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

గ్యాడ్జెట్ మాటకొస్తే, ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. 1948లో ఈ వ్యాయామం గురించి రాసిన అమెరికన్ డాక్టర్ ఆర్నాల్డ్ కీగెల్ కూడా యోనిలో పెట్టి కండరం బిగింపు ఒత్తిడిని చూపే పరికరం వాడి నేర్పించాడు. ఇప్పుడది ఫోన్ యాప్‌తో వస్తోంది. కానీ ఒత్తిడిని మాత్రమే కొలిచే పరికరానికి పైకి లాగినా, కిందికి ముక్కినా తేడా తెలియకపోవచ్చు. నా రెండు నెలల తప్పుకీ అది మంచి మార్కులే వేసేదేమో! బ్రిటన్‌లో 600 మంది స్త్రీలతో చేసి 2020లో ప్రచురించిన పరీక్షలో, ఫిజియో నేర్పిన వ్యాయామానికి కండరం పనిని తెరపై చూపే పరికరం తోడైనా రెండేళ్ల తర్వాత చూస్తే అదనపు లాభం కనిపించలేదు. ఆ డబ్బు ఫిజియోకి ఇవ్వడమే నయం.

ఫిజియో దగ్గర సిగ్గుపడే ఘట్టం ఒకటుంది, దాచడమెందుకు. మన ఒప్పుకోలుతో గ్లవ్స్ వేసుకుని ఒక వేలితో లోపల కండరాన్ని చూస్తారు. వద్దంటే బయటినుంచే చూస్తారు. నాకైతే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "బావిలో చేద తోడినట్టు మెల్లగా పైకి లాగండమ్మా. తాడు ఒక్కసారిగా వదిలేయొద్దు, దించడం కూడా మెల్లగానే" అందావిడ. నాలుగోసారికి "ఆఁ, ఇదీ" అంది. ఆ "ఇదీ" అనే మాట ఏ వీడియో చెప్పగలదు?

ఈ పని తెలిసిన ఫిజియోలు చిన్న ఊళ్లలో దొరకడం కష్టమే. గైనకాలజిస్టును అడిగితే దారి చెబుతారు. పట్నంలో ఉన్నవాళ్లకు నా సలహా: ముందు ఫిజియోని కలవండి, చేసే తీరు సరిచూసుకున్నాక ఇంట్లోనే కొనసాగించండి. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కనీసం ఎనిమిది బిగింపులు, కనీసం మూడు నెలలు అన్నది బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉన్న లెక్క. ఫోన్ అప్పుడు పనికొస్తుంది, అలారంగా. కటి భాగంలో నొప్పి, కలయికలో మంట ఉన్నవాళ్లు మాత్రం ముందు చూపించుకోవాలి. కండరం అప్పటికే బిగుసుకుపోయి ఉంటే కావాల్సింది దాన్ని వదులు చేయడం, ఇంకా బిగించడం కాదు.

దగ్గుకో తుమ్ముకో ముందే బిగించి పట్టుకోవడం కూడా ఆవిడే నేర్పింది. మొన్న వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు ఘాటుకి వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి. మూడింటికి ముందే బిగించగలిగాను. నాలుగోది మాత్రం చెప్పకుండా వచ్చేసింది.