లైన్ ఆఫీసర్: నిజం నేవీలో, రోల్‌ప్లే ఆటలో

అమెరికా నేవీలో యుద్ధనౌకకు కెప్టెన్ కావాలంటే లైన్ ఆఫీసరై ఉండాలి, అంటే వైద్యంలాంటి ప్రత్యేక వృత్తి శాఖకు చెందని అధికారై ఉండాలి. కోటు చేతి మీద బంగారు గీతల పైన ఐదు కోణాల నక్షత్రం కనిపిస్తే లైన్ ఆఫీసరన్నమాట. డాక్టరుకు అదే చోట ఓక్ ఆకు గుర్తు. ఎంత పై హోదాలో ఉన్నా ఆయనకు యుద్ధనౌకను అప్పగించరు.

నేవీ పాత్రలు వేసుకుని ఆన్‌లైన్‌లో ఆడే రోల్‌ప్లే ఆటల్లోనూ అవే హోదాలు, అవే గీతలు. భయం మాత్రం ఉండదు. నేవీలో ఆజ్ఞ మీరితే కోర్టు మార్షల్ దాకా పోవచ్చు. ఆటలో అలిగినవాడు లాగౌట్ అయిపోతాడు, అంతే. అందుకే అక్కడి ఆఫీసరుకు సగం ఆజ్ఞ, సగం బుజ్జగింపు. "ఫిరంగి దగ్గర నువ్వుండు" అన్నాక, ఎప్పుడు పేల్చాలో ఆ ఆటగాడికే వదిలేయాలి. అన్నీ తనే తేల్చేస్తే మిగతావాళ్లకు ఆవలింతలే. ప్రాణభయం సంగతి పక్కన పెడితే, నాకు ఈ రెండో ఉద్యోగమే కష్టమనిపిస్తుంది. జీతం కూడా లేదాయె!