మనస్తత్వ వ్యాసాల ప్రణాళికకు సెర్చ్ కన్సోల్: చాలాకాలం వాడాక

మనస్తత్వశాస్త్రం మీద రాసేవాళ్లకు ఏ కీవర్డ్ పరికరం (జనం సెర్చ్‌లో ఏ మాటలు వెతుకుతున్నారో చెప్పేది) మంచిదని ఎవరైనా అడిగితే నేను గూగుల్ సెర్చ్ కన్సోల్ పేరే చెబుతాను. నిజానికి అది ప్రణాళిక కోసం తయారు చేసింది కాదు. మన పేజీలు సెర్చ్‌లో చేరాయా, ఏ మాటలకు కనిపించాయి, ఎందరు క్లిక్ చేశారు అన్నవి చూసుకోవడానికి సైటు యజమానులకు ఇచ్చిన ఉచిత సాధనం. 2015 వరకు వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. అయినా నేను రాయబోయే అంశాల్లో సగానికి పైగా ఇప్పుడు అక్కడి నుంచే వస్తున్నాయి. ఒక మాటను ఎందరు వెతుకుతున్నారో చెప్పే పరికరాలు చాలా ఉన్నాయి. వెతికే మనిషి ఏ అవస్థలో ఉన్నాడో మాత్రం సెర్చ్ కన్సోల్ చూపే మాటల జాబితా చదివితేనే అర్థమవుతుంది.

‘పానిక్ డిజార్డర్ లక్షణాలు’ అన్న కీవర్డ్ చుట్టూ రాసిన వ్యాసం సంగతే తీసుకుందాం. కొన్ని నెలల తర్వాత పెర్ఫార్మెన్స్ నివేదికలో ఆ ఒక్క పేజీనే ఎంచుకుని క్వెరీలు, అంటే జనం వెతికిన మాటలు, తెరిచాను. పై వరుసల్లో ఊహించిన మాటలే ఉన్నాయి. కిందికి వెళ్లేకొద్దీ అసలు పాఠకులు కనిపించారు: ‘నిద్రలో ఉలిక్కిపడి లేస్తే గుండె దడ’, ‘ఈసీజీ నార్మల్ అయినా ఛాతీ పట్టేసినట్టు’, ‘పానిక్ అటాక్‌తో చనిపోతారా’. వీటికి ఇంప్రెషన్లు (ఫలితాల్లో పేజీ కనిపించిన సార్లు) దండిగా ఉన్నాయి, క్లిక్కులు లేవు. ప్రాణభయంతో ఫోను పట్టుకున్నవాడికి పాఠ్యపుస్తకం లాంటి శీర్షిక చూపిస్తే ఎందుకు తెరుస్తాడు? అందుకే జవాబును మొదటి పేరాకు తెచ్చాను. పానిక్ అటాక్ కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి తగ్గుముఖం పడుతుంది, దానంతట అది ప్రాణం తీయదు. అయితే మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినప్పుడు గుండెకు ఏమీ కాలేదని డాక్టరు తేల్చాకే దాన్ని పానిక్ అనుకోవాలి. ఈసీజీ ప్రశ్నకు, నిద్రలో దడకు విడివిడిగా వ్యాసాలు వేశాను. ఒక పేజీ కింద దాక్కున్న ప్రశ్నల్లోంచి మరో రెండు పేజీలు పుట్టాయి. నా ప్రణాళిక అంతా దాదాపు ఇలాగే నడుస్తోంది.

2021లో వచ్చిన రెజెక్స్ వడపోత (మాటల నమూనా ఇచ్చి క్వెరీలను ఏరే పద్ధతి) ఈ పనిని బాగా తేలిక చేసింది. ‘ఎందుకు|ఎలా|ఎన్ని’ అని మధ్యలో నిలువు గీతలు పెట్టి ఇస్తే ప్రశ్నలన్నీ ఒక్కచోటికి వస్తాయి. తెలుగు లిపితో ఇబ్బంది లేదు. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసేవాళ్లతోనే తంటా. ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు, ఒక్కోదానికీ ఒక్కో వరుస. కూర్చుని ఏరుకోవడం తప్ప దారి లేదు.

లోపాలు చిన్నవేమీ కావు. కొత్త సైటుకు ఇది ఖాళీ పలకే, మన పేజీ ఇప్పటికే కనిపించిన మాటలనే చూపిస్తుంది కనుక. గత 16 నెలల సమాచారమే ఉంచుతుంది, తెరమీద వెయ్యి వరుసలకు మించి ఇవ్వదు. నేను నెలనెలా దించుకుని దాచుకుంటాను. మరీ కొద్దిమంది మాత్రమే వెతికిన క్వెరీలను గోప్యత కోసం దాచేస్తుంది. వంటల మీద రాసేవాళ్లకు ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. మన రంగంలో మాత్రం మనిషి తన గోడు వెళ్లబోసుకుంటూ టైపు చేసే పొడవాటి వాక్యాలే అసలు సరుకు, సరిగ్గా అవే కనబడవు. దాచడం న్యాయమేనని ఒప్పుకుంటాను, అయినా మనసు ఊరుకోదు.

గూగుల్‌దే అయిన కీవర్డ్ ప్లానర్ ప్రకటనదారుల కోసం పుట్టింది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు పెట్టనివాళ్లకు, ఒక మాటను నెలకు ఎన్నిసార్లు వెతుకుతారో 100 నుంచి 1,000 వరకు అన్నట్టు అంచనా పరిధులే ఇస్తుంది. గూగుల్ ట్రెండ్స్ ఇచ్చే 0–100 అంకెలు వెతికినవాళ్ల సంఖ్య కావు, ఎంచుకున్న కాలంలో శిఖరాన్ని 100గా పెట్టి కొలిచిన పోలిక. ఆ మాట గుర్తుపెట్టుకుంటే డోపమైన్ డిటాక్స్ (ఫోను లాంటి ఆకర్షణలకు కొన్నాళ్లు దూరంగా ఉండటం) లాంటి మోజులు ఎగసి పడిపోయాయో నిలిచాయో చూడటానికి బాగుంటుంది. అంతకు మించి దానితో నాకు పనిపడలేదు.

నెలనెలా డబ్బు కట్టించుకునే ఒక పరికరాన్ని కూడా చాన్నాళ్లు వాడాను. ఒక మాటకు పై ర్యాంకు రావడం ఎంత కష్టమో చెప్పే పోటీ స్కోరు ఫరవాలేదు. అది తయారు చేసి ఇచ్చే వ్యాస నమూనాలు చూస్తేనే ఒళ్లు మండేది. ఏ మాట ఇచ్చినా రకాలు, కారణాలు, లక్షణాలు, చికిత్స. బర్న్‌అవుట్‌కూ (పని ఒత్తిడితో పూర్తిగా డస్సిపోవడం) అదే అచ్చు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్న్‌అవుట్‌ను వృత్తి సంబంధమైన పరిస్థితిగా పేర్కొని, అది జబ్బుల కోవలోకి రాదని 2019లో స్పష్టం చేసింది. ఇంపోస్టర్ సిండ్రోమ్‌కు (తన విజయాలకు తాను అర్హుణ్ణి కానన్న అనుమానం) కూడా చికిత్స శీర్షిక సిద్ధం! మనస్తత్వవేత్తలు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో వర్ణించిన ఈ ధోరణి, అమెరికాలో మానసిక రుగ్మతలను వర్గీకరించే డీఎస్ఎంలో రుగ్మతగా లేనే లేదు. పై ర్యాంకుల్లో ఉన్న పేజీలను కలిపి కుట్టి ఇస్తే ఇలాగే ఉంటుంది. ఒకరు చేసిన పొరపాటు పది పేజీల్లో ఉంటే అదే ప్రామాణికమైపోతుంది. చందా ఆపేశాను.

గిరాకీ ఉన్న ప్రశ్నే తప్పుడు నమ్మకం మీద నిలబడితే ఏం చేయాలో ఏ పరికరమూ చెప్పదు. ఏ అలవాటైనా 21 రోజుల్లో స్థిరపడుతుందనే ‘21 రోజుల్లో అలవాటు’ అలాంటిదే. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 వరకు. నేను శీర్షికలో 21ని ఉంచుతాను, జనం వెతికేది అదే కనుక. మొదటి వాక్యంలోనే అది నిజం కాదని చెప్పేస్తాను. చివరిదాకా ఊరించి చెబితే పేజీలో ఎక్కువసేపు ఉంటారని కొందరి సలహా. నాకు ఇష్టం లేదు.

ఆత్మహత్య ఆలోచనలకు సంబంధించిన క్వెరీలు కూడా జాబితాలో వస్తాయి. వాటిని క్లిక్కుల లెక్కన వరుస పెట్టను, లక్ష్య కీవర్డ్‌లుగా తీసుకోను. అవి వచ్చిన ప్రతి పేజీలో సహాయ నంబరును అన్నిటికన్నా పైకి తెస్తాను. ఏ పద్ధతి వివరమూ ఉండనివ్వను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సెర్చ్ పెట్టెలో సగం వాక్యం టైపు చేసి, అది అందించే మిగతా సగాలను రాసుకోండి. వాటితో కొన్ని వ్యాసాలు వేసి రెండు మూడు నెలలు ఆగండి. సెర్చ్ కన్సోల్‌ను మాత్రం మొదటి రోజే కలిపి పెట్టుకోండి. కలపకముందు నాటి సమాచారం సాధారణంగా తర్వాత దొరకదు.