రాజమండ్రిలో కట్టించిన మూడు ఇంగ్లీషు పటాలు

మా పిల్లలను ఏటా రాజమండ్రి దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్తాను. దామెర్లను ప్రోత్సహించినవారు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనీ, ఆయనా బొమ్మలు వేసేవారనీ చెబితే, "మరి ఆ దొరగారి దేశంలో బొమ్మలు ఎలా ఉంటాయి టీచర్?" అని ఒక పిల్ల అడిగింది. అందుకే తొమ్మిదో తరగతి గదికి మూడు ప్రింట్లు చేయించాను. కోటగుమ్మం దగ్గర సందులో దేవుడి పటాలూ, పోయినవాళ్ల ఫొటోలూ కట్టే చిన్న షాపు. ఫైళ్లు నేనే పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లాను. పాత బొమ్మలు కాబట్టి వికీమీడియా కామన్స్ అనే వెబ్‌సైటులో పెద్ద సైజువి ఉచితంగా దొరుకుతాయి.

ఈ షాపుకు వెళ్లకముందు ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పించి డబ్బు పోగొట్టుకున్నాను. అది ఇంగ్లీషు చిత్రకారుడు గెయిన్స్‌బరో సుమారు 1750లో వేసిన ఆండ్రూస్ దంపతుల బొమ్మ, నా మూడింటిలో మొదటిది. అసలుది 70 సెంటీమీటర్ల ఎత్తు, 119 వెడల్పు. మొగుడూ పెళ్లాం ఎడమ పక్క చెట్టు కింద ఉంటారు. మిగతాదంతా పొలమే. ఆ ఆన్‌లైన్ వాళ్లు 18కి 24 అంగుళాల ఫ్రేములో పట్టించడానికి కుడి పక్క కోసేశారు. గోధుమ పనలు పోయాయి, వరసలు తీరిన కొయ్యకాళ్లు పోయాయి. విత్తనం వరసల్లో పడేలా యంత్రంతో వేయడం ఆ రోజుల్లో కొత్త సేద్యం. పొలం చూపించుకోవడానికే ఆ ఆసామి బొమ్మ వేయించుకున్నాడని నాకు గట్టి నమ్మకం. పొలం తీసేస్తే మిగిలేది పెళ్లి ఫొటో.

కోటగుమ్మం షాపాయన టేపు తీసి, లెక్క వేసి, "వెడల్పు 24 పెడితే ఎత్తు 14 వస్తుందండి. ఫ్రేమే ఆ కొలతకి కోస్తాను, బొమ్మని కోయడం ఎందుకండీ?" అన్నారు. ఆ మాటతోనే మూడూ ఆయనకే ఇచ్చేశాను.

మర్నాడు ఫోను. "మేడమ్ గారూ, ఆవిడ ఒళ్లో ఏదో చెరిగిపోయినట్టుందండి. కంప్యూటర్‌లో పూడ్చేయమంటారా?" అది చెరగలేదనీ, గెయిన్స్‌బరో అక్కడ పూర్తి చేయకుండా వదిలేశాడనీ చెప్పాను. పక్షో, పసిబిడ్డో రావాల్సిన చోటని రకరకాలుగా ఊహిస్తారు. "ఆయ్, అయితే ముట్టుకోనండి" అన్నారు. అడగకుండా సరిచేసి ఉంటే నాకు ఏడుపొచ్చేది.

రెండోది కాన్‌స్టబుల్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి 'హే వెయిన్' (అంటే గడ్డి బండి), 1821 నాటిది. నాకు ప్రాణం ఇదే. స్టౌర్ నది రేవులో నీళ్లలో ఖాళీ బండి, ఎడమ పక్క విల్లీ లాట్ ఇల్లు, ఒడ్డున కుక్క. ఎండలకు చక్రం చెక్క ఎండి ఇనప పట్టా వదులైతే మా తాతయ్య బండిని కాలువలో దింపి నానబెట్టేవారు. అందుకే ఆ బండి నీళ్లలో ఎందుకు ఆగిందని నాకెప్పుడూ అనుమానం రాలేదు. లండన్‌లో మొదటిసారి పెట్టినప్పుడు దీన్ని ఎవరూ కొనలేదు. 1824లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. మొదటి ప్రింటులో గడ్డి చిలకపచ్చగా, ఆకాశం నీలిమందు కలిపినట్టు వచ్చింది. మిషను తనంతట తానే రంగులు పెంచుతుందట. కాన్‌స్టబుల్ మబ్బుల కోసమే విడిగా ఎన్నో స్టడీలు (సాధన బొమ్మలు) వేసుకున్న మనిషి. ఆ మబ్బుల్లో బూడిదరంగు పోతే కాసేపట్లో వాన పడుతుందన్న భావమే పోతుంది. ఆ సెట్టింగు ఆపి మళ్లీ తీయమన్నాను. పైసా అడగకుండా తీసిచ్చారు. ఇప్పుడు గుర్రాల మీది ఎర్రని పట్టీలు ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, అసలు బొమ్మలో లాగే.

మూడోది చరిత్ర బొమ్మ, 1878లో యీమ్స్ అనే చిత్రకారుడు వేసింది. ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు పక్షం వాళ్ల ఇంటికి పార్లమెంటు మనుషులు వచ్చి, నీలం బట్టల పిల్లాణ్ణి పీట మీద నిలబెట్టి "మీ నాన్నను ఆఖరిసారి ఎప్పుడు చూశావు?" అని అడుగుతున్నారు. నిజం చెప్తే నాన్న దొరికిపోతాడు. ఇది మాత్రం సరిగ్గా రాలేదు. కాన్వాస్ మీద నలుపులు మునిగిపోయి, వెనక నిలబడిన తల్లి ముఖంలో భయం తెలియడం లేదు. చీకటి గది ఉన్న బొమ్మైతే కాగితం మీదే వేయించండి. అయినా పిల్లలు ఎక్కువసేపు నిలబడేది దీని ముందే. వాడు చెప్పేస్తాడా, చెప్పడా అని రెండు జట్లయిపోయారు.

ఫ్రేము, కూలీ కలిపి ఒక్కోటి 1,400 పడింది. టేకు రంగు ఫైబర్ కాకుండా చెక్కే అడిగాను. కాన్వాస్‌కు అద్దం వద్దన్నారు, ట్యూబ్‌లైటు మెరుపు లేకపోవడం హాయిగా ఉంది. మా వైపు గోడలు వర్షాకాలమంతా చెమ్మ పడతాయి కదా, గాలి ఆడేలా పటం వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటించారు. వారంలో ఇస్తామని పదకొండు రోజులు చేశారు. అదొక్కటే నాకు నచ్చనిది.

మళ్లీ ఆయన దగ్గరికే వెళ్తాను. ఈసారి కాన్‌స్టబుల్ 'వైట్ హార్స్', 1819ది. పడవను లాగే దారి అవతలి గట్టుకు మారే చోట గుర్రాన్ని పడవెక్కించి ఏరు దాటిస్తుంటారు. ధవళేశ్వరం లాకుల దగ్గర పెరిగిన మా నాన్నకు, మనుషులు తాడు కట్టి గట్టు మీద నుంచి పడవలు లాగడం చూసినవారికి, అది చూపించాలి. కొలత చెప్పగానే షాపాయన చీటీ మీద రాసుకున్నారు: 24కి 17కన్నా పావు అంగుళం తక్కువ.