ఒగ్గు కథకు అరగంట, మిర్చి ధరకు అర నిమిషం

ఉత్తర తెలంగాణలోని ఒక ప్రభుత్వ ఎఫ్.ఎం. కేంద్రం నుంచి ఉదయం పూట వచ్చే ప్రాంతీయ కార్యక్రమంలో సగం జిల్లాల వార్తలు, సగం కళాసంస్కృతులు. 2016లో పాత వరంగల్ జిల్లాను విడదీసిన తర్వాత ములుగు సంగతి జనగామకు, జనగామ సంగతి భూపాలపల్లికి చేరవేసే ఇలాంటి కార్యక్రమం అవసరం మరింత పెరిగింది. అయితే ఈ రెండు సగాలనూ ఒకే బృందం తయారు చేస్తున్నదంటే నమ్మబుద్ధి కాదు.

కళల భాగంలో, డోలు తాళాలతో దేవుళ్ల కథలు పాడి చెప్పే జానపద కళ ఒగ్గు కథ మీద చేసిన సంచిక చాలా బాగుంది. మల్లన్న కథనో బీరప్ప కథనో ఎదురుగా కూర్చుని చూసేటప్పుడు వేషం, అడుగులు, డోలు విన్యాసం మన దృష్టిని లాగేస్తాయి. రేడియోలో ఆ అవకాశం లేదు గనుక, కథకుడు వదిలిన చివరి మాటను పక్కన వంత పాడే వంతగాడు ఎలా అందుకుంటున్నాడో, ఎక్కడ ఊకొట్టి ఎక్కడ ఎదురు ప్రశ్న వేస్తున్నాడో, తాళం ఏ మాట దగ్గర ఆగుతున్నదో స్పష్టంగా వినవచ్చింది. వ్యాఖ్యాత మధ్యలో దూరలేదు, కళాకారుల మాటను పుస్తక భాషలోకి దిద్దనూ లేదు. (ప్రైవేటు ఎఫ్.ఎం.లలో ఇంత ఓపిక ఆశించడం అత్యాశే.) పురాణ కథలను గుడ్డ మీద వరుస బొమ్మలుగా చిత్రించే చేర్యాల నకాషీ పటాల సంచిక అంతగా రాణించలేదు. గుడ్డకు చింతగింజల అంబలి పట్టించే పద్ధతి గురించి చక్కగా చెప్పారు గానీ, ఆ పటం ముందు నిలబడి కుల పురాణం చెప్పే గొంతు ఒక్కటీ వినిపించలేదు.

వార్తల దగ్గరకు వచ్చేసరికి ఈ శ్రద్ధ మాయమవుతుంది. సమీక్షా సమావేశాలు, ప్రారంభోత్సవాల ప్రకటనలను ఉన్నవి ఉన్నట్టు చదివేస్తారు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ మిర్చి ధర అంటూ జెండా పాట ఒక్కటి చెప్పి ముగిస్తారు. జెండా పాట మేలైన సరుకుకు పలికే ధర. యార్డుకు బస్తాలు తెచ్చిన వారిలో చాలామందికి అది దక్కదు. పైగా తేజ రకం ధర వేరు, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట ధర వేరు. ఏ రకం, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది, తేమ పేరుతో ఎంత తగ్గించారు అన్న మూడు ముక్కలు చెప్పి, సరుకు అమ్ముకున్న రైతు చేత రెండు మాటలు మాట్లాడిస్తే ఇంకో రెండు నిమిషాలకు మించి పట్టదు.

జానపద కళల సంచిక ఉన్న రోజున తప్పక వినండి. సరుకు మార్కెట్‌కు తోలే ముందు మాత్రం యార్డులో తెలిసినవాళ్లకు ఒక ఫోన్ చేసుకోవడమే మంచిది.