నాలుగేళ్లుగా హెచ్‌డీడీఎల్‌లో రాస్తున్నాను

హైరార్కికల్ ప్లానింగ్ అంటే పెద్ద పనిని చిన్న పనులుగా విడగొడుతూ, ఏది ఎప్పుడు చేయాలో కంప్యూటర్‌తో తేల్చడం. ఆ సమస్యను రాసిచ్చే భాష హెచ్‌డీడీఎల్. ఇదివరకు ఇందులో ఒక్కో ప్లానర్‌ది, అంటే ప్లాన్ తయారుచేసే ప్రోగ్రాంది, ఒక్కో భాష. ప్లానర్ మార్చామంటే రాసిందంతా మళ్లీ రాసుకోవడమే. ఇలా విడగొట్టని మామూలు ప్లానింగ్‌కు 1998 నుంచే పీడీడీఎల్ అనే ఉమ్మడి భాష ఉన్నా, హైరార్కికల్ వైపు హెచ్‌డీడీఎల్ నిలదొక్కుకున్నది 2020 అంతర్జాతీయ ప్లానింగ్ పోటీ దాన్ని తీసుకున్నాకే. నాలుగేళ్లుగా రోజూ ఇందులోనే రాస్తున్నాను. ఇక పాత పద్ధతికి వెళ్లలేను.

పీడీడీఎల్ వచ్చినవాళ్లకు ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది. టైపులు (వస్తువుల రకాలు), ప్రెడికేట్లు ('లారీ ఇక్కడుంది' లాంటి నిజమో కాదో తేలే మాటలు), యాక్షన్లు (నేరుగా చేసే పనులు) అవే. కొత్తగా వచ్చేవి టాస్కు అనే పెద్ద పని, దాన్ని చిన్న పనులుగా విడగొట్టే మెథడ్. 'సరుకు చేర్చు' అనే టాస్కుంటే దాని మెథడ్‌లో నాలుగు పనులు: లారీ వెళ్లాలి, ఎక్కించాలి, మళ్లీ వెళ్లాలి, దించాలి. చదువుతుంటే మనిషి చెప్పినట్టే ఉంటుంది. నాకు బాగా నచ్చింది అదే.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం మెథడ్ ప్రీకండిషన్, అంటే ఆ మెథడ్ వాడాలంటే నిజం కావాల్సిన షరతు. 'లారీ వెళ్లాలి' అన్న పనికి, లారీ ముందే అక్కడుంటే ఏ పనీ లేకుండా ముగిసే మెథడ్ ఒకటి రాశాను. ఆ షరతు చూస్తోంది కదా అని ఎక్కించే యాక్షన్‌లో లారీ ఎక్కడుందో అడగలేదు. ఒక సరుకుతో అంతా బాగానే నడిచింది. రెండు సరుకులిచ్చి, వాటి మధ్య వరుస పెట్టకపోయేసరికి, లారీ వేరే ఊళ్లో ఉండగా మొదటి సరుకు ఎక్కినట్టు ప్లాన్ వచ్చింది! రెండు రోజులు ప్లానర్‌నే అనుమానించాను. తప్పు నాదే. ఆ షరతు మెథడ్‌లోని పనులకు ముందు ఎప్పుడో ఒకసారి నిజమైతే చాలు. ఆ తర్వాత వేరే టాస్కు పని మధ్యలో దూరవచ్చు. అందుకే యాక్షన్‌కు కావాల్సిన షరతు యాక్షన్‌లోనే రాయండి, దయచేసి.

షాప్ (SHOP) లాంటి హైరార్కికల్ ప్లానర్లకు అలవాటు పడ్డవాళ్లకు ఇంకోమాట. అక్కడ మెథడ్లు రాసిన వరుసలో ప్రయత్నిస్తారు, ఇక్కడ ఆ వరుసకు అర్థం లేదు. 'ఇది కుదరకపోతేనే అది' అనుకుంటే ఆ మాట షరతుగా రాయాల్సిందే.

హెచ్‌డీడీఎల్ మూల భాషలో పనికి పట్టే సమయం చెప్పే వీలు లేదు. ఆ లోటు నాకు ప్రతి ప్రాజెక్టులోనూ తెలుస్తుంది. సమయాన్ని కలుపుతూ హెచ్‌డీడీఎల్ 2.1 అనే ప్రతిపాదన వచ్చింది, నేను వాడే ప్లానర్లలోకి అదెప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను.