ఇంటి కంప్యూటర్‌కి డిఫెండర్ ఒక్కటే చాలా? ఏళ్లుగా వాడాక నా అభిప్రాయం

మా బంధువుల్లో ఎవరు కంప్యూటర్ కొన్నా "ఫ్రీ యాంటీవైరస్ ఏది వేసుకోమంటావు?" అని నాకు ఫోన్ చేస్తారు. నేను చెప్పేది ఒకటే. విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే, దాంతోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ చాలు. బయట నుంచి ఇంకేదీ వేయొద్దు. కానీ దాన్ని ఉన్నదున్నట్టు వదిలేయకుండా, లోపలికి వెళ్లి రెండు మూడు సెట్టింగులు మార్చుకోవాలి.

విండోస్ 10 వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంటి డెస్క్‌టాప్‌కి కాపలా ఇదే. ఆ కంప్యూటర్ తేలికైన వాడకంలో లేదు. పిల్లల కాలేజీ ప్రాజెక్టులు, మా ఆవిడ బడి ప్రశ్నపత్రాలు, నాన్నగారి పెన్షన్ కాగితాలు, పక్కింటివాళ్ల పెన్‌డ్రైవ్‌లు, అన్నీ దాంట్లోకే వస్తాయి.

డిఫెండర్ అంటే చాలామందికి ఇప్పటికీ చిన్నచూపు. దానికి కారణం ఉంది. మొదట్లో అది స్పైవేర్‌ని, అంటే మనకు తెలియకుండా మన వివరాలు లాగే ప్రోగ్రాములను, పట్టుకునే పనిముట్టు మాత్రమే. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని విడిగా ఒక ఉచిత యాంటీవైరస్ ఇచ్చారు. 2012లో విండోస్ 8తో అది డిఫెండర్ పేరుమీద విండోస్‌లోనే కలిసిపోయింది. ఆ తొలి ఏళ్లలో పరీక్షల్లో దాని మార్కులు నిజంగానే తక్కువ. ఇప్పుడు పరిస్థితి అది కాదు. జర్మనీలో మాగ్డెబర్గ్‌లో ఉన్న ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు ఆరు, వేగానికి ఆరు, వాడుకకు ఆరు చొప్పున 18 మార్కులకు పరీక్ష పెడుతుంది. డబ్బు పెట్టి కొనే వాటితో సమానంగా డిఫెండర్ కూడా తరచూ 18కి 18 తెచ్చుకుంటోంది. అయినా షాపుకి వెళితే "సార్, ఏడాది కీ ఒకటి వేసేయమంటారా?" అని అడగడం మానలేదు. ఇంటి వాడకానికి ఆ ఖర్చు అక్కర్లేదని నా గట్టి నమ్మకం.

అంతకుముందు బయటి ఫ్రీ యాంటీవైరస్‌లు కూడా వాడాను. అవి వైరస్‌ని బాగానే పట్టేవి. విసుగు తెప్పించింది వాటి గోల. ఒకటైతే రోజూ ఏదో ఒక వేళకు మూలనుంచి పైకి లేచి "మీ కంప్యూటర్‌లో ఇన్ని సమస్యలున్నాయి" అనేది. సరిచేద్దామని నొక్కితే డబ్బు కట్టే పేజీ తెరుచుకునేది. నాన్నగారు దాన్ని చూసి నిజంగానే వైరస్ వచ్చిందని టెన్షన్ పడేవారు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఉత్తుత్తి హెచ్చరికలకు అలవాటు పడినవాళ్లు అసలు హెచ్చరిక వచ్చినా చూడరు.

గోలతో పోతే పోనీ అనుకోవచ్చు. అవాస్ట్ అనే ఫ్రీ యాంటీవైరస్ సంగతి అంతకన్నా పెద్దది. 1988లో ప్రాగ్‌లో పుట్టిన పేరున్న కంపెనీ అది. వాడేవాళ్లు ఏయే వెబ్‌సైట్లు చూశారన్న వివరాలను సేకరించి, జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని 2020 జనవరిలో బయటపడింది. జంప్‌షాట్‌ని మూసేశారు. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించి, ప్రకటనల కోసం అలాంటి వివరాలు అమ్మకూడదని నిషేధం పెట్టింది. అవాస్ట్, ఏవీజీ, అవిరా ఈ మూడు ఫ్రీ యాంటీవైరస్‌లూ ఇప్పుడు నార్టన్‌తో కలిపి జెన్ డిజిటల్ అనే ఒకే గొడుగు కింద ఉన్నాయి. కాబట్టి ఒకటి నచ్చక ఇంకోదానికి మారినా, వెళ్లేది అదే యజమాని దగ్గరికి. మైక్రోసాఫ్ట్ కూడా వివరాలు తీసుకుంటుంది, అనుమానం వచ్చిన ఫైల్ నమూనాలను తన సర్వర్లకు పంపుతుంది. కానీ విండోస్ వాడుతున్నామంటే ఆ కంపెనీని ఎలాగూ నమ్మినట్టే. ఆ నమ్మకంలోకి మరో కంపెనీని తీసుకురావడం ఎందుకన్నదే నా ప్రశ్న.

ఇక పని తీరు. మన దగ్గర ఇంటి కంప్యూటర్‌కి వైరస్ ఎక్కువగా వచ్చే దారి పెన్‌డ్రైవ్. మా అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీయించుకుని, జిరాక్స్ షాపు నుంచి వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాడు. తెరిస్తే ఫోల్డర్లు ఏవీ లేవు. పెన్‌డ్రైవ్ పేరుతోనే ఒక షార్ట్‌కట్ మాత్రం ఉంది. వాడు దానిమీద నొక్కేలోపే కింద కుడి మూలన డిఫెండర్ నోటీసు వచ్చింది, షార్ట్‌కట్ మాయమైంది. "నాన్నా, ఫైళ్లన్నీ పోయాయి, ఫార్మాట్ చేసేయనా?" అన్నాడు. వద్దన్నాను. ఈ రకం వైరస్ ఫైళ్లను చెరిపేయదు, దాచేస్తుంది. అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి, వాటి స్థానంలో తన షార్ట్‌కట్ పెడుతుంది. మనం నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని చెప్పి, "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీసేస్తే రిపోర్టు అక్కడే ఉంది. దాన్ని కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌ని పూర్తిగా స్కాన్ చేసి, టిక్ మళ్లీ పెట్టేశాం. ఒక సంగతి గుర్తుంచుకోండి. డిఫెండర్ ఫుల్ స్కాన్ మామూలుగా పెన్‌డ్రైవ్‌ల జోలికి వెళ్లదు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి మనమే స్కాన్ చేయమనాలి.

ఇప్పుడు మార్చుకోవాల్సిన సెట్టింగులు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టర్, ఫ్రీ వీడియో డౌన్‌లోడర్ లాంటి వాటితో పాటు దొంగతనంగా వచ్చే చెత్తను ఆపేది ఇదే. దీనికన్నా ముఖ్యమైనది రాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద ఉండే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే, డిఫెండర్‌కు తెలియని ఏ ప్రోగ్రామూ మన డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్లను మార్చలేదు. పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు తాళం వేసి డబ్బు అడిగే రాన్‌సమ్‌వేర్‌కి ఇది గట్టి అడ్డు. ఇబ్బంది కూడా లేకపోలేదు. పాత తెలుగు టైపింగ్ ప్రోగ్రాములు, చిన్న బిల్లింగ్ ప్రోగ్రాములు ఫైల్ సేవ్ చేయబోతే ఒక్కోసారి ఇది అడ్డుపడుతుంది. అప్పుడు ప్రొటెక్షన్ హిస్టరీలోకి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌కి అనుమతి ఇస్తే సరిపోతుంది. దానికోసం మొత్తం ఆఫ్ చేయకండి.

అసలు పనిచేస్తోందా అన్న అనుమానం ఉంటే, ఐకార్ అనే సంస్థ ఇచ్చే టెస్ట్ ఫైల్ ఒకటుంది. 68 అక్షరాల ఒకే లైను. దానివల్ల ఏ హానీ జరగదు, కానీ దాన్ని వైరస్‌లా గుర్తించాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. ఐకార్ సొంత సైట్ నుంచి తెచ్చి నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేయండి, డిఫెండర్ వెంటనే లాగేసుకుంటుంది. పిల్లలకు చూపించడానికి మంచి ప్రయోగం.

లోపాలు చెప్పకపోతే సమీక్ష సగమే. నెట్ లేనప్పుడు డిఫెండర్ పట్టు తగ్గుతుంది, ఎందుకంటే కొత్త వైరస్‌లను గుర్తించడానికి అది క్లౌడ్ మీద, అంటే నెట్‌లో ఉండే మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీద, బాగా ఆధారపడుతుంది. నెట్ సరిగా రాని ఊళ్లో, బయటి పెన్‌డ్రైవ్‌లే ఎక్కువగా పెట్టే కంప్యూటర్‌కి ఇది ఆలోచించాల్సిన విషయం. పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషీన్లో ఫుల్ స్కాన్ నడుస్తుంటే వేరే పని సాగదు. రాత్రి పెట్టి పడుకోవడం మేలు. వేగంగా పనిచేసే కొత్త రకం డ్రైవ్ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆ తేడా తెలియనే తెలియదు. దొంగ వెబ్‌సైట్లను ఆపే స్మార్ట్‌స్క్రీన్ ఎడ్జ్ బ్రౌజర్‌లో పనిచేస్తుంది. క్రోమ్ వాడేవాళ్లను కాసేది గూగుల్ సేఫ్ బ్రౌజింగే.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రం మన చేతుల్లోంచే వస్తుంది. "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని చెప్పే, డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి వేసే క్రాక్‌లు, యాక్టివేటర్లు వేశాక ఏ యాంటీవైరస్ ఉన్నా ఒకటే. ఎవరైనా మీ కంప్యూటర్‌లో అలాంటివి వేసి ఉంటే, డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ (తనిఖీ చేయొద్దని చెప్పినవాటి) జాబితా తెరిచి చూడండి. సీ డ్రైవ్ మొత్తాన్ని అందులో చేర్చి వెళ్లిపోయినవాళ్లను చూశాను. అలా చేస్తే పైకి ఆకుపచ్చ టిక్ వెలుగుతూనే ఉంటుంది, లోపల తనిఖీ మాత్రం ఉండదు. ఇక ఫోన్ చేసి, దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ యాప్ వేయించే మోసగాళ్లను ఏ యాంటీవైరస్సూ ఆపలేదు, ఆ యాప్ మంచిదే కాబట్టి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్ గురించి ఒక్క మాట. అది ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు అయిపోయాక దాన్ని అలాగే ఉంచకుండా తీసేసి, రీస్టార్ట్ చేసి, డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూసుకోండి.

బయటిదే కావాలనుకునేవాళ్లకు రుమేనియా కంపెనీ బిట్‌డిఫెండర్ ఫ్రీ మంచిదని చెబుతాను. పట్టుకోవడంలో దానికి మంచి పేరుంది. కాస్పర్‌స్కీ ఫ్రీకి కూడా పరీక్షల్లో మంచి మార్కులే వస్తాయి, కానీ రష్యా కంపెనీ అన్న కారణంతో అమెరికా 2024లో దాని అమ్మకాన్ని నిషేధించింది. అక్కడున్న మనవాళ్లకు అది కుదరదు. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ ఉచిత స్కాన్ చాలు. ఒక్క ఫైల్ మీదే అనుమానముంటే ఎన్నో యాంటీవైరస్‌లతో ఒకేసారి తనిఖీ చేసే వైరస్‌టోటల్ వెబ్‌సైట్‌లో పెట్టి చూడొచ్చు. అందులో ఆధార్, బ్యాంకు కాగితాలు మాత్రం పెట్టకండి. పెన్‌డ్రైవ్‌ల బెడద ఎక్కువగా ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ మన హైదరాబాద్ కేంద్రంలో తయారైన యూఎస్‌బీ ప్రతిరోధ్ కూడా ఉచితమే.

చివరిగా అప్‌డేట్ల సంగతి. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్‌సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన విండోస్ రంధ్రాన్ని మూసే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. ఇప్పుడు విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కి వైరస్ జాబితాలు 2028 అక్టోబర్ దాకా వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది గానీ, విండోస్‌లో పడే కొత్త రంధ్రాలను అవి పూడ్చలేవు. మీ మెషీన్ విండోస్ 11కి సరిపోతే ఈ వారమే మార్చుకోండి. సరిపోకపోతే అప్‌డేట్ సెట్టింగుల్లో ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకోండి, 2026 అక్టోబర్ 13 వరకు ప్యాచ్‌లు వస్తాయి. ఆ తర్వాత ఆ కంప్యూటర్లో బ్యాంకు పనులు చేయొద్దని మా ఇంట్లో ఇప్పటికే చెప్పేశాను.